అట్టమీది బొమ్మ, బోణీ చెయ్యి

నరసరావుపేట పల్నాడు రోడ్డులో ఈశ్వరయ్య పుస్తకాల కొట్టు తెరవాలంటే తాళంచెవులు ఉంటే చాలదు, ఆయన కూతురు జాహ్నవి కూడా ఉండాలి. షట్టర్ లేపి, గుమ్మం ముందు నీళ్ళు చల్లి, గల్లాపెట్టె పైనున్న లక్ష్మీదేవి పటానికి అగరొత్తులు వెలిగించినా కొట్టు తెరిచినట్టు లెక్క కాదు. ఎవరో ఒకరు వచ్చి పెన్నో పిన్నీసుల అట్టో అడగాలి. దాన్ని జాహ్నవి తన చేత్తో ఇచ్చి, తన చేత్తో డబ్బు పుచ్చుకోవాలి. ఆ నోటుని ఈశ్వరయ్య కళ్ళకద్దుకుని గల్లాలో వేయాలి. అదీ బోణీ. అప్పటిదాకా అరువు మాట ఎత్తకూడదు, సరుకు లేదన్న మాట అనకూడదు. పిల్ల తలంటుకుని దిగిరావడం ఆలస్యమైతే, వచ్చిన మనిషిని ఈశ్వరయ్య కబుర్లలో పెట్టి నిలబెట్టేవాడు. "కాసేపు కూచో తమ్ముడూ, ఎండ చానా ఉంది" అనేవాడు. ఎండ ఇంకా ఎదురు మేడ దిగి ఉండేది కాదు.

ఈ పట్టింపు ఎట్లా మొదలైందంటే, జాహ్నవి డిగ్రీ చదివే రోజుల్లో ఒక జూన్ నెల పొద్దున సరదాకి గల్లా దగ్గర కూర్చుంది. ఆ రోజు కొట్టు జాతరలా కిటకిటలాడింది. బడులు తెరిచే రోజది. ఆ కుర్చీలో దిష్టిబొమ్మని కూర్చోబెట్టినా నోటు పుస్తకాలు పోయేవే. ఆ మాట ఈశ్వరయ్యతో అనగలిగినవాడు ఆ వీధిలో పుట్టలేదు. "మా పిల్ల చెయ్యి మంచిది" అని ఆయన నలుగురిలో అన్నాడు. వ్యాపారస్తుల ఇళ్ళలో అది చిన్న మాట కాదు. ఒకసారి అన్నారంటే ఇక ఆ చెయ్యి ఆ పిల్లది కాదు, కొట్టుది.

తల్లి కోటేశ్వరమ్మ సంగతి దీనికి తిరగబడ్డ కథ. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె ఒక్కసారి బోణీ చేసింది. మధ్యాహ్నానికి ముసురు పట్టి ఇక ఆ రోజు కొట్టు ముందు పురుగు కూడా కనపడలేదు. వానకీ ఆమె చేతికీ ఏం చుట్టరికమో ఎవరూ అడగలేదు. అప్పటినుంచి ఆవిడ కొట్లోకి దిగితే భోజనాల వేళ దాటాకే, అదీ మంచినీళ్ళ చెంబు ఇవ్వడానికి. మిగతా పొద్దంతా కొట్టుపైన డాబా ఇంట్లోనే.

"నా చెయ్యి చెడ్డదన్నారు, నేను బతికిపోయా. నీదే మంచిదయింది, ఇరుక్కుపోయావ్" అనేది కూతురితో. నవ్వుతూనే అనేది గానీ ఆ నవ్వు పెదాలు దాటేది కాదు.

ఇరుక్కోవడమంటే నిజంగా ఇరుక్కోవడమే. ఒకపక్క గల్లాపెట్టె, ఇంకోపక్క జిరాక్స్ మిషను, వెనక రికార్డు పుస్తకాల కట్టలు, మధ్యలో జాహ్నవి కుర్చీ. కాళ్ళు చాపుకోవాలంటే లేవాలి, లేవాలంటే మిషను జరపాలి. ఎదురుగా రోడ్డు. హైదరాబాదు బస్సు వెళ్ళే వేళ ఆమెకి గడియారం చూడకుండానే తెలిసేది. డిగ్రీ పూర్తయింది, తోటివాళ్ళు తలో దిక్కూ వెళ్ళారు, జాహ్నవి మాత్రం పిన్నీసుల అట్టల మధ్య మిగిలింది.

అట్లాంటి కొట్లోకి పాటల పత్రిక వచ్చింది. హైదరాబాదు నుంచి నెలకోసారి వచ్చే ఆ పత్రిక పేరు 'హై నోట్'. దేశదేశాల పాప్ గాయకుల ఫొటోలు, కబుర్లు. దాన్ని కొట్లో పెడదామని జాహ్నవే పట్టుబట్టింది. ఈ ఫోన్ల కాలంలో డబ్బిచ్చి బొమ్మల పుస్తకం ఎవరు కొంటారని ఈశ్వరయ్య పెదవి విరిచాడు. ఆయన మర్చిపోయింది ఒకటుంది. ఈ ఊరి నిండా ఇంటర్ హాస్టళ్ళు. హాస్టల్ గేటు దగ్గర ఫోను లాక్కుంటారు. లోపల ఫిజిక్సు, కెమిస్ట్రీ, కుక్కర్ విజిల్ తప్ప వేరే చప్పుడు ఉండదు. నెలకో ఆదివారం అమ్మానాన్నలు వచ్చినప్పుడు మాత్రం పిల్లల్ని బజారుకి వదులుతారు. ఆ పిల్లలకి ఇష్టమైన గాయకుడి ముఖం కావాలంటే కాగితం మీదే దొరకాలి. పత్రిక కొని, అట్ట జాగ్రత్తగా ఊడదీసి, ట్రంకు పెట్టె మూత లోపలివైపు అంటించుకుంటారు. వార్డెన్ వస్తే మూత వేసేస్తే సరి.

వాళ్ళలో నకరికల్లు వైపు పల్లె నుంచి వచ్చిన రైతుబిడ్డ ఒకతె ఉంది, యశస్విని. ఇంటర్ మొదటి ఏడు. కొరియాలో 'బ్లూ లాంటర్న్' అని ఏడుగురు కుర్రాళ్ళ పాటల బృందం ఉంది, వాళ్ళంటే పడి చచ్చిపోతుంది. ఈశ్వరయ్య వాళ్ళని లాంతరోళ్ళు అనేవాడు. అందులో జేహా అనేవాడు యశస్విని సొంతం. అంటే ఆమె అనుకోవడం.

"అక్కా, ఈడు చూడు, నేను ఎటు జరిగినా నన్నే చూస్తన్నాడు" అంది మొదటిసారి అట్ట చేతిలోకి తీసుకుని. కొట్టు ఈ మూల నుంచి ఆ మూలకి నడిచి మరీ చూసింది.

"కెమెరాలోకి సూటిగా చూస్తే అట్టాగే ఉంటదిలే."

"ఏమో అక్కా. మా హాస్టల్లో నా వంక చూసేవాళ్ళంతా మార్కులెన్ని అంటారు. ఈడొక్కడే ఏం అడగడు."

ఆ మాట జాహ్నవి గుండెలో ముల్లులా దిగింది. తన వంక చూసేవాళ్ళు అడిగేది బోణీ. అంతే తేడా.

ఆ రోజునుంచి ఆమె అట్టల్ని చదవడం మొదలుపెట్టింది. లోపలి పేజీల్ని కాదు, అట్టల్నే. ఏడుగురూ కలిసి నిలబడ్డ అట్ట ఆలస్యంగా పోతుంది, ఒక్కడే ఉన్న అట్ట ఎగిరిపోతుంది. ఏడుగురు అందరివాళ్ళు, ఒక్కడైతే నావాడు. పళ్ళు కనపడేలా నవ్వే అట్టని అమ్మానాన్నలు పక్కనున్న పిల్లలు తీసుకుంటారు, దిగులుగా ఉన్నవాణ్ణి స్నేహితురాళ్ళతో వచ్చిన పిల్లలు తీసుకుంటారు. "ఆ రాత్రి జేహా ఎందుకు ఏడ్చాడు?" అని అట్ట మీద పెద్దక్షరాలుంటే, జవాబు లోపలెక్కడో ఉంటుంది గనక పిల్ల కొనక చస్తుందా. పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో మూసి, లోపల ఎవరి ఫొటో కార్డు ఉందో తెలియకుండా చేస్తే ఒక్కో పిల్లా కవర్ మీద వేలితో తడిమి తడిమి చూస్తుంది. ఆ తడిమే వేళ్ళని చూస్తే జాహ్నవికి జాలీ వేసేది, తయారు చేసినవాడి తెలివికి ముచ్చటా వేసేది.

చూసి చూసి తనే చేయడం మొదలుపెట్టింది. సెల్‌ఫోన్లో ఉన్న యాప్‌తో, గిరాకీ లేని మధ్యాహ్నాల్లో, అట్టలు తయారుచేసేది. బొమ్మ ఎక్కడ కోయాలి, పేరు ఏ రంగులో ఉండాలి, నుదురు మీద అక్షరాలు పడితే కళ్ళు ఎందుకు చచ్చిపోతాయి, ఇవన్నీ ఎవరూ నేర్పకుండానే చేతికి వచ్చాయి. వాటిని డిగ్రీలో పక్క బెంచీ స్నేహితురాలు సాబిరాకి పంపేది. సాబిరా హైదరాబాదులో ఆ 'హై నోట్' ఆఫీసులోనే అచ్చుతప్పులు దిద్దే పని చేస్తోంది. ఆ పిల్ల ఊరుకోక వాటిని ఎడిటరుకి చూపించింది. ఎడిటరు వీడియోలో మాట్లాడింది. డాబా మీద, ఆరేసిన చీరల మధ్య నిలబడి జాహ్నవి జవాబులు చెప్పింది. అట్టలు చేసే విభాగంలో ఉద్యోగం, వచ్చే నెల ఒకటో తారీకున చేరాలి, ఆ రోజు రాకపోతే వేరే వాళ్ళని తీసుకుంటామంది ఆవిడ.

జాహ్నవి ఆ సాయంత్రం అంతా నేల మీద నడవలేదు. భోజనం దగ్గర తండ్రికి చెప్పింది.

ఈశ్వరయ్య చెడ్డవాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆడపిల్ల ఉద్యోగమేంటి అనలేదు, హైదరాబాదులో ఒంటరిగానా అనలేదు. ఆయన చెల్లెలు అక్కడే ఉంది, అక్కడ ఉండొచ్చన్నాడు. జీతం సంగతి కూడా అడగలేదు. పెరుగన్నం కలుపుతూ ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"మరి బోణీ ఎవురు చేస్తారే?"

జాహ్నవి నవ్వింది. ఆయన నవ్వలేదు. చెయ్యి కంచంలోనే ఆగిపోయి ఉంది. అప్పుడు అర్థమైంది ఆమెకి, ఇది ఎగతాళి కాదని.

"నాన్నా, నా చేతిలో ఏముంది? పుస్తకాలు ఎవురమ్మినా పోతాయి."

"నీకేం తెలుసు? నువ్వు జరం వచ్చి పడుకున్న వారం గుర్తులా? కొట్టు మూసినట్టే ఉండె."

"అది దసరా సెలవలు నాన్నా. పిల్లలెవురూ ఊళ్ళో లేరు."

"సెలవలకేందే, మిగతా కొట్లు నడవలా?"

కోపంతో వాదిస్తే గెలవొచ్చు, ప్రేమతో వాదించినా గెలవొచ్చు. నమ్మకంతో ఎట్లా వాదిస్తారు? ఆమె కళ్ళు తుడుచుకుంటూ కంచం ముందు నుంచి లేచిపోయింది. ఆయన అన్నం తినకుండా చెయ్యి కడుక్కున్నాడు. కూతురు ఏడిస్తే చూడలేడు ఆయన, అదొక బాధ. మర్నాడు బోణీ అయ్యాక, నోటు కళ్ళకద్దుకుని, తనే దిగివచ్చాడు.

"సరే. నీ చెయ్యి పడకుండా కొట్టు ఒక్కరోజు ఇట్టాగే నడిచిద్దని చూపించు. నేనే దగ్గరుండి నిన్ను బస్సెక్కిస్తా. ఒట్టు."

"ఏ రోజైనా సరేనా?"

"ఏ రోజైనా."

"అయితే ఈ ఆదివారం. పిల్లల్ని బయటికి వదిలే రోజు. బోణీ అమ్మ చేసిద్ది."

ఈశ్వరయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. కానీ లక్ష్మీదేవి పటం ముందు ఒట్టు వేశాడు, వెనక్కి తీసుకునే మనిషి కాదు. ముందురోజు సరుకు సర్దుకోవచ్చా అని జాహ్నవి అడిగింది. ముందురోజుది లెక్కలోకి రాదు, బోణీ నాడు మాత్రం నీ నీడ కూడా కొట్టు మీద పడగూడదు అన్నాడాయన. వ్యాపారస్తుల ఇళ్ళలో ఈ విషయాల మీద ఉన్నంత స్పష్టత కోర్టు కాగితాల మీద కూడా ఉండదు.

ఆ నెల 'హై నోట్' ఏడు రకాల అట్టలతో వచ్చింది, లాంతరోళ్ళు ఏడుగురికీ తలో అట్ట. లోపల సరుకు ఒకటే. కట్ట విప్పగానే జాహ్నవి కడుపు చల్లబడింది. శనివారం మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టే వేళదాకా సర్దింది. మామూలుగా అయితే ఈశ్వరయ్య అన్నిటినీ గుమ్మానికి తాడు కట్టి, బట్టలు ఆరేసినట్టు వరసగా తగిలించేవాడు. ఆమె గుమ్మం దగ్గర ఒక్క అట్టే పెట్టింది, రోడ్డు మీదికి సూటిగా చూసేవాణ్ణి. చక్కగా పళ్ళు కనపడేలా నవ్వేవాణ్ణి పెద్దవాళ్ళ కంటికి ఆనే ఎత్తులో పెట్టింది, తల్లిదండ్రులు చూసి ఎవరో బుద్ధిమంతుడనుకోవాలి. అందరూ అడిగే జేహాని కొట్టు చిట్టచివర, అట్లాసుల పక్కన పెట్టింది. వాడి కోసం లోపలికి నడిచే పిల్ల దారిలో జడక్లిప్పుల్నీ, రికార్డు పుస్తకాల్నీ, రంగు పెన్నుల్నీ దాటాలి. దిగులు ముఖం చిన్నవాణ్ణి బొట్టుబిళ్ళల అద్దం పక్కన నిలబెట్టింది. ఆ అద్దంలో పిల్ల తన ముఖం చూసుకుంటే పక్కనే వాడి ముఖం ఉంటుంది. ఇద్దరూ ఒకే ఫొటోలో ఉన్నట్టు.

"ఒక్కో అట్టదీ ఒక్కటే బయట ఉండాలమ్మా" అని తల్లికి చెప్పింది. "అది పోయాక గానీ కింద నుంచి ఇంకోటి తీయకు."

కోటేశ్వరమ్మ తల ఊపి, అరచేతులు కొంగుకి తుడుచుకుంది.

ఆదివారం పొద్దున జాహ్నవి డాబా పిట్టగోడ దగ్గర కూర్చుంది. కిందికి దిగకూడదు, పిలవకూడదు, సైగ చేయకూడదు. తన బతుకు కింద కొట్లో తేలుతోంది, తను మాత్రం పైన కరివేపాకు కుండీ పక్కన కూర్చుని ఉంది. ఇంతకంటే నరకం ఇంకోటి ఉంటుందా? మొదట ఒక పెద్దమనిషి వచ్చాడు, గొడుగు కింద పెట్టి ఏదో అడిగాడు, అక్కర్లేదని వెళ్ళిపోయాడు. ఈశ్వరయ్య గట్టిగా నిట్టూర్చిన చప్పుడు పైకి వినపడింది. జాహ్నవి చేతికందిన కరివేపాకు రెబ్బలన్నీ తుంచేసింది.

తర్వాత వచ్చింది యశస్విని, వాళ్ళ నాన్నతో. గుమ్మం దగ్గర అట్ట ముందు ఆగింది. ఆగి, తల లోపలికి పెట్టింది.

"పిన్నీ, జేహా రాలా?"

"లోపలున్నాడమ్మా, చివర్న" అంది కోటేశ్వరమ్మ. ఎవరో దూరపు చుట్టాన్ని చూపించినట్టు అంది.

పిల్ల లోపలికి వెళ్ళింది. ఎంతకీ రాలేదు. వచ్చేటప్పటికి చేతిలో జేహా ఉన్నాడు, రికార్డు పుస్తకం ఉంది, రెండు జడక్లిప్పులున్నాయి, చిన్నవాడి అట్ట కూడా ఉంది. రెండోది ఎందుకే అని వాళ్ళ నాన్న అడిగితే, పాపం ఒంటరిగా ఉన్నాడు నాన్నా అంది. కోటేశ్వరమ్మ తన చేత్తో డబ్బు అందుకుని భర్తకిచ్చింది. ఈశ్వరయ్య దాన్ని కళ్ళకద్దుకోవాలా వద్దా అన్నట్టు ఒక క్షణం చూసి, అద్దుకున్నాడు.

ఇక తెర లేచినట్టే. ఆటోలు దిగుతున్నాయి, పిల్లలు గుంపులుగా వస్తున్నారు, గుమ్మం దగ్గర ఆగుతున్నారు, లోపలికి పోతున్నారు, అద్దం దగ్గర ఇరుక్కుంటున్నారు. "ఒక్కటే ఉందంట, తొందరగా తీసుకో" అని ఒకరినొకరు తోసుకుంటున్నారు. పొద్దు నడినెత్తికి రాకముందే లాంతరోళ్ళు ఏడుగురూ కట్టలతో సహా ఖాళీ. వాళ్ళతోపాటు క్లిప్పులూ పెన్నులూ రికార్డులూ లేచిపోయాయి. కోటేశ్వరమ్మ కొంగు నడుముకి చెక్కి, జన్మజన్మల నుంచీ ఆ కుర్చీలో ఉన్నదానిలా చిల్లర ఇస్తోంది. పైన జాహ్నవి చీరల మాటున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. బస్సు కిటికీ పక్క సీటు, మేనత్త ఇల్లు, ఆఫీసులో తన బల్ల, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి.

సాయంత్రం ఈశ్వరయ్య పైకి వచ్చాడు. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, కూతురి ఎదురుగా కింద చతికిలబడ్డాడు.

"ఎట్టా చేశావే?" అన్నాడు.

ఆమె పుట్టి ఇన్నేళ్ళలో ఆయన కూతుర్ని ఏదైనా అడిగి తెలుసుకోవడం అదే మొదలు. అన్నం తిన్నావా, జరం తగ్గిందా అని అడగటం వేరు. ఇది వేరు. ఒక వ్యాపారి ఇంకో వ్యాపారిని అడిగే గొంతు. జాహ్నవి వెన్ను నిటారుగా అయింది.

అక్కడ చేసింది పొరపాటు. చెప్పింది. మొత్తం చెప్పింది. కళ్ళు సూటిగా ఉంటే ఏమవుతుందో, దిగులు ముఖం ఎవరికి నచ్చుతుందో, అద్దం పక్కన ఎందుకు పెట్టిందో, ట్రంకు పెట్టె మూతకి సరిపడే అట్ట మీద రాతలు తక్కువ ఎందుకుండాలో, వేళ్ళు ముడుస్తూ, మధ్యలో లేచి నిలబడి గోడ మీద చూపిస్తూ చెప్పింది. ఆయన మధ్యలో ప్రశ్నలు వేశాడు. పిచ్చి ప్రశ్నలు కాదు, నికార్సయిన వ్యాపారి ప్రశ్నలు.

"మరి అందరూ అడిగేవాణ్ణి చివర్న పెడితే, విసుగొచ్చి పోతే?"

"పోరు నాన్నా. పేరు విన్నాక పోలేరు. అందుకే గుమ్మం దగ్గర వాళ్ళ బృందంలో ఒకణ్ణి పెట్టా. ఈడుంటే ఆడూ ఉంటాడని తెలుసుద్దిగా."

"ఒక్కటే బయట పెట్టటం? అది మా నాయన చేసేవాడు. చింతపండు బస్తాలన్నీ లోపలేసి, ఒక్కటే గుమ్మంలో పెట్టేవాడు. నీకెవురు చెప్పారే?"

"ఎవురూ చెప్పలా. నాకే తోచింది."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ కోటేశ్వరమ్మ కళ్ళతో సైగ చేసింది. కూతురు చూడలేదు. చేతిలో గ్లాసు కావాలనే కింద పడేసింది. అయినా చూడలేదు. ఎట్లా చూస్తుంది? ఇన్నేళ్ళ తర్వాత నాన్న వింటున్నాడు.

చెప్పడం అయిపోయింది. ఈశ్వరయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడు.

"పిచ్చోణ్ణే నేను" అన్నాడు. "ఇన్నాళ్ళూ నీ చెయ్యి అనుకున్నా. చెయ్యయితే మీ అమ్మది కూడా పనికొచ్చిద్దని ఇయ్యాల తేలిపోయింది. ఇదంతా నీ బుర్ర. చెయ్యి పోతే ఇంకో చెయ్యి దొరికిద్ది. ఈ బుర్ర నేను యాడ తెచ్చేదే?"

జాహ్నవికి మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

"నాన్నా, బస్సెక్కిస్తానన్నావ్. ఒట్టేశావ్."

"వేశా. కాదన్లా. ఎప్పుడంటే అప్పుడు ఎక్కిస్తా." ఆయన ఆమె తల మీద చెయ్యి వేశాడు. "నువ్వే చెప్పు, ఆ బుర్ర ఈడ పెట్టి పోగలవా? పెట్టిపో, ఇప్పుడే టిక్కెట్టు తీస్తా. పక్క కొట్టు ఖాళీ చేస్తన్నారమ్మా. రెండూ కలిపేస్తా. ఏది ఎక్కడుండాలో నువ్వు చెప్పు, నేను సర్దుతా. మా నాయన ఉంటే నిన్ను భుజాన ఎక్కించుకుని ఊరంతా తిప్పేవాడు."

అందులో మాయ లేదు, మోసం లేదు. మనిషి నిజంగా పొంగిపోయాడు. అదే వచ్చిన చిక్కు. గదమాయిస్తే ఎదురు చెప్పేది, తలుపు గడియ పెడితే కిటికీ వెతికేది. నెత్తిన పెట్టుకున్నవాణ్ణి తోసి కిందికి దూకడం ఎట్లాగో ఆమెకి తెలియలేదు. ఇంకో సిగ్గుమాలిన సంగతి కూడా చెప్పాలి, ఆ మాటలు విన్నప్పుడు ఆమెకి సంతోషం వేసింది. చిన్నప్పుడు ఫస్టు మార్కులు తెచ్చి చూపించినా, పొద్దున గిరాకీ వేళ ఇప్పుడెందుకమ్మా అని పక్కన పెట్టిన మనిషి నోటినుంచి ఆ మాట వచ్చింది. ఆ సంతోషమే ఆమె కాళ్ళు కట్టేసింది.

ఆయన స్నానానికి లేచాక కోటేశ్వరమ్మ కూతుర్ని వంటింట్లోకి లాగింది.

"నోరు మూసుకుని, ఏమో నాన్నా, నాకేం తెలుసు, అంతా అమ్మ చెయ్యే అనొచ్చుగదే! నా చెయ్యే మంచిదయిపోయేది, నువ్వు పోయేదానివి. అంతంత విడమరిచి ఎందుకు చెప్పావే?"

జాహ్నవి స్టవ్ వంక చూస్తూ నిలబడింది.

"నాన్న అడిగాడమ్మా" అంది.

కోటేశ్వరమ్మని ఇన్నేళ్ళలో ఎవరూ ఏదీ అడగలేదు మరి. కూతుర్ని దగ్గరికి తీసుకుని వీపు నిమిరింది.

ఒకటో తారీకు దగ్గరకొచ్చింది. బోణీ ఇప్పుడు కోటేశ్వరమ్మ చేస్తోంది, ఆవిడ చెయ్యి దివ్యమైన చెయ్యని ఈశ్వరయ్య అందరికీ చెబుతున్నాడు. జాహ్నవి పొద్దున్నే దిగిరావాల్సిన పని లేదు. ఆలస్యంగా లేవొచ్చు, తలంటుకోవచ్చు. కానీ పక్క కొట్టు గోడ పగలగొడుతున్నారు, అల్మరాల కొలతలు ఆమెనే అడగాలి. వడ్రంగి ఏ మేకు కొట్టబోయినా, "అమ్మాయి చెప్పాలయ్యా" అంటాడు ఈశ్వరయ్య. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

ఒకటో తారీకుకి ముందురోజు సాబిరా ఫోను చేసింది. "ఎక్కడున్నావే? ఎడిటర్ మేడం పొద్దుటినుంచీ అడుగుతోంది. బస్సెక్కావా?"

"రావట్లేదే."

"మీ నాన్నేనా? ఒప్పుకోలేదా? తిట్టాడా?"

గోడ పగలగొట్టే సుత్తి చప్పుడు ఆగేదాకా జాహ్నవి ఆగింది.

"లేదే. మెచ్చుకున్నాడు" అంది.